దస్తీ వేసినవారిదే సీటు

మల్లన్నగుట్ట కాలనీకి కొత్త బస్సు వచ్చిన రోజు ఎవరూ ఏడవలేదు. ఏడుపులు వారం తర్వాత మొదలయ్యాయి.

కొత్త బస్సు తెల్లగా, చల్లగా, కొత్తగా కొన్న ఫ్రిజ్జులా ఉండేది. తలుపులు వాటంతట అవే మూసుకునేవి. వచ్చే స్టాపు పేరు ఒక ఆడగొంతు ముందే చెప్పేది. స్వరూపకు ఆ బస్సంటే ప్రాణం. స్టాపు దాటిపోతుందేమోనని, పిల్ల చెయ్యి తలుపులో పడుతుందేమోనని, గ్యాసు కట్టేశానో లేదోనని నిమిషానికో భయంతో బతికే మనిషి స్వరూప. ఆ భయాల్లో ఒకదాన్ని బస్సే పుచ్చుకుంది. మిగిలినవి ఆమె చూసుకునేది.

కానీ కాలనీలో పెద్దమనుషులకు ఆ బస్సు నచ్చలేదు. రిటైర్డ్ సూపరింటెండెంట్ సేతుమాధవరావు గారు ఒకరోజు ఉదయం కాలనీ వాట్సాప్ గ్రూపులో పాత ఎర్రబస్సు ఫొటో పెట్టి, కింద "ఆ రోజులే వేరు" అని రాశారు. సాయంత్రానికి గ్రూపంతా కన్నీళ్ల బొమ్మలే. ఇంజను మీద గోనెసంచి వేసుకుని కూర్చున్న రోజులు ఒకరికి గుర్తొచ్చాయి. కండక్టరు చెవిలో పెట్టుకున్న పెన్సిలు ఒకరికి గుర్తొచ్చింది. సేతుమాధవరావు గారికి కారుంది. ఏడ్చిన మిగతావాళ్లకూ కార్లున్నాయి. జ్ఞాపకాలు మాత్రం బస్సువి.

పాత బస్సు స్వరూపకూ గుర్తుంది. వాళ్ల ఊరి నుంచి హైస్కూలుకు అదే వెళ్లేది. ఆమెకు ఎక్కువగా గుర్తున్నది దాని వెనకభాగం, ఎందుకంటే అది ఆగేది కాదు. తొమ్మిదో తరగతి సగంలో తండ్రి "ఇగ సాలు బిడ్డా" అన్నాడు. ఆ సంగతి ఆమె గ్రూపులో పెట్టలేదు. దానికి ఏ బొమ్మ పెట్టాలో తెలియలేదు.

ఏడుపు శివారు రవాణా మండలి దాకా వెళ్లింది. ప్రాంతీయ అధికారి చక్రపాణి గారు స్వయంగా వచ్చి కాలనీలో షామియానా వేయించి సభ పెట్టారు. చక్రపాణి గారు మామూలు మాట కూడా ఉత్తర్వు చదివినట్టే చెబుతారు. ఇంట్లో మంచినీళ్లు అడగాలన్నా "దాహము దృష్ట్యా" అంటారట.

"ప్రజల హృదయస్పందనను పరిగణనలోనికి తీసుకొని, పాత బస్సును దాని సమస్త సంప్రదాయములతో పునరుద్ధరించుటకు మండలి నిశ్చయించినది" అన్నారాయన. "సంప్రదాయములలో ఏది అత్యంత ముఖ్యమో ప్రజలే సెలవీయవలెను."

ఒకరు డీజిలు వాసన అన్నారు. ఒకరు గేరు మార్చినప్పటి కేక అన్నారు. అప్పుడు సేతుమాధవరావు గారు లేచి, గొంతు సవరించుకుని, "దస్తీ వెయ్యడం సార్" అన్నారు. "బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేసి సీటు ఆపుకోవడం. ఎవరి దస్తీ అయినా సరే, ముట్టేవాళ్లు కాదు సార్. అదీ ఆ కాలం మర్యాద!"

షామియానా ఊగిపోయేలా చప్పట్లు పడ్డాయి. వెనక వరసలో పిల్లను ఒళ్లో పెట్టుకున్న స్వరూప, "మరి కూసునుడు?" అని అడుగుదామనుకుంది. ఆమె నోరు తెరిచేలోగా జాతీయగీతం మొదలైంది.

మరుసటి వారం తెల్లబస్సు వెళ్లిపోయింది. జ్ఞాపకాల బస్సు శబ్దాలకు భంగం కలగకూడదని ఆ దారిలో ఆటోలను కూడా నిషేధించారు.

ఎర్రబస్సు పూలదండతో, పొగతో, గంట ఆలస్యంగా వచ్చింది. ఆలస్యం కూడా సంప్రదాయంలో భాగమేనని చక్రపాణి గారు వివరించారు. బస్సు కనబడగానే కార్లలో వచ్చిన పెద్దమనుషులంతా లుంగీ ఎగ్గట్టిన కుర్రాళ్లలా పరుగెత్తి కిటికీల్లోంచి దస్తీలు వేశారు. తెల్లవి, గళ్లవి, పెళ్లిలో పెట్టినవి, మడత విప్పనివి. ఫొటోలు దిగారు. ఒకరినొకరు కావలించుకున్నారు. కార్లెక్కి ఇళ్లకు పోయారు.

స్వరూప కూతురు మనస్విని ఎత్తుకుని బస్సెక్కింది. లోపల ఒక్క మనిషి లేడు. ఆమె కిటికీ పక్క సీటు మీద నీలం అంచు దస్తీ పక్కకు జరపబోయింది. వెనక నుంచి ఈల వినబడింది.

"అమ్మా! ఆ దస్తీని ముట్టకు!" కండక్టరు బాల్‌నర్సయ్య పరుగెత్తుకొచ్చాడు. ఖాకీ చొక్కా ఇస్త్రీ కూడా కొత్తగా పాతకాలంది.

"ఎవ్వలు లేరు గదన్నా."

"మనిషి లేడు. దస్తీ ఉన్నది గద."

"ఎవలిదది?"

"ఎవలిదైతేంది? ఏసిండు, ఫొటో దిగిండు, కార్ల పోయిండు."

"మల్ల రాడు గదా!"

"రాడు. కానీ ఆపుకున్నడు."

స్వరూప పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "సరే తియ్యి, నిలబడి పోతం."

బాల్‌నర్సయ్య ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "నిలబడుడు సీట్లల్ల అందరు కూసున్నంకనే చెల్లె. ఇంకా ఎవ్వలు కూసోలే. నిన్ను ఎట్ల నిలబెట్టాలె?"

ఆమె దిగింది. కింద నిలబడ్డ జనం కూడా ఆమెకు ముందే అట్లా ఎక్కి దిగినవాళ్లే. ఎర్రబస్సు నిండా దస్తీలతో, ఖాళీగా, గుట్ట దిగి పోయింది.

"మంచిగున్నది సంబురం!" అంది స్టాపు పక్కన చాయ బండి నడిపే అండాలక్క. "మనం రోడ్డు మీద, గుడ్డపేలికలు సీట్ల మీద!"

స్వరూపకు నవ్వు రాలేదు. సోమవారం గుర్తొచ్చింది. పెద్దబజారులోని ఆదర్శ బాలల బడిలో మనస్వికి లాటరీలో పేరు వచ్చింది. నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఒకే ప్రహరీ లోపల, ఫీజు లేకుండా. పై తరగతికి ఇంకో ఊరి బస్సు దొరకక మధ్యలో ఆపేసే వీల్లేని చదువు. సోమవారం పొద్దున పేరు పిలిచినప్పుడు పిల్ల ఎదురుగా ఉండాలి. లేకపోతే ఆ సీటు వెనకున్న పిల్లకు పోతుంది. భర్త యాదగిరికి మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ, బండి వేసుకుని పోతే మధ్యాహ్నానికి వస్తాడు. పెద్దబజారుకు పిల్లతో నడిచిపోతే పొద్దు నడినెత్తికొస్తుంది.

ఈలోగా మండలి చురుగ్గా పనిచేసింది. దస్తీ సీటు ఆపుతోంది కాబట్టి దస్తీకి టికెట్టు పెట్టారు. రోజూ వేసేవారి సౌకర్యార్థం దస్తీలకు నెలవారీ పాసు ఇచ్చారు, దాని మీద దస్తీ ఫొటో. ఆడవాళ్ల దస్తీలకు ప్రయాణం ఉచితం అన్నారు. అయితే దస్తీ ఆడదో మగదో ఎట్లా తెలుస్తుందని బాల్‌నర్సయ్య అడిగితే, పూలుంటే స్త్రీ, గళ్లుంటే పురుషుడు అని వివరణ వచ్చింది. గళ్ల మధ్యలో పూలున్న దస్తీ ఒకటి మూడు రోజులు డిపోలోనే ఉండిపోయింది, దాని విషయం పైకి రాశారు.

గాలికి దస్తీలు కిటికీల్లోంచి ఎగిరిపోతున్నాయని తెలిసి, బస్సును మనిషి నడిచే వేగానికి మించి నడపరాదని ఇంకో ఉత్తర్వు వేశారు. దాంతో దస్తీ వేసినవాళ్లు తమ దస్తీ పక్కనే నడవడం మొదలుపెట్టారు. హైవే దాకా ఊరేగింపే. ఎండెక్కాక బస్సు నీడ ఒక పక్కే పడేది. ఆ నీడలో చోటు కోసం తగువులొచ్చాయి. నీడలో కూడా దస్తీ పరిచి ఆపుకోవచ్చా అని ఒకాయన అర్జీ పెట్టుకున్నాడు.

అండాలక్క చాయ మానేసి దస్తీలు అద్దెకిచ్చింది. స్వరూపకు ఒకటి ఊరికే ఇచ్చింది, పూలది. "ఏసి చూడు. ఏసినోళ్లదే సీటంటున్నరు గద! నీ సీట్ల నువ్వు కూసో."

స్వరూపకు ఆశ పుట్టింది. శనివారం అందరికంటే ముందొచ్చి, బస్సు ఆగకముందే పరుగెత్తి, దస్తీ వేసింది. సీటు దొరికింది. బాల్‌నర్సయ్య దస్తీకి టికెట్టు కొట్టాడు. ఆమె కూర్చోబోయింది.

"ఆగు చెల్లె. టికెట్టు దస్తీది."

"దస్తీ నాదే గదన్నా!"

"నీదే. ఎవలు కాదన్నరు? కానీ దస్తీ కూసున్నది. నువ్వు గూడ కూసుంటే ఒక సీటుకు ఇద్దరైతరు."

"అయితే దస్తీని తీస్త!"

"ఏసిన దస్తీ తియ్యరాదు. మర్యాద పోతది." బాల్‌నర్సయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేనేం జెయ్యాలె చెల్లె? నా ఇంటిది గూడ నడిచే పోతున్నది."

స్వరూప తన దస్తీని కూర్చోబెట్టి దిగింది. అది కిటికీలోంచి ఆమెకు కనిపించినంత దూరం కనిపించింది. జీవితంలో ఎవరిని చూసీ అంత కుళ్లుకోలేదు ఆమె.

సోమవారం వచ్చింది.

స్వరూప మనస్వికి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, విప్పి, మళ్లీ కట్టి, గ్యాసు రెండుసార్లు చూసి, స్టాపుకు వచ్చేసరికి అక్కడ మళ్లీ షామియానా. మండలి సాధించిన విజయం చూడటానికి పక్క రాష్ట్రాల నుంచి అధికారులు వచ్చారు. చక్రపాణి గారు మైకు ముందున్నారు.

"ఖాళీ సీటు అనునది ఈ మార్గమున లేదు! నిండుదనము నూటికి నూరు! తొక్కిసలాట లేదు, ఫిర్యాదు లేదు, చిల్లర తగువు లేదు! ప్రయాణికుల అవసరమే లేకుండా నడుచుచున్న తొలి ప్రయాణికుల సేవ ఇది!"

అతిథులు అబ్బురపడి రాసుకున్నారు.

బస్సు పొగలోంచి బయటికొచ్చింది. దస్తీలు లేచాయి. స్వరూప ఆత్రంగా చేతిసంచి వెతికింది. దస్తీ లేదు. శనివారం పోయింది తిరిగి రాలేదు, దానికి ఊరు నచ్చిందో ఏమో. కిటికీలు ఒక్కొక్కటే నిండిపోతున్నాయి. వెనక చక్రం పక్కన ఒక్క కిటికీ మిగిలింది. సేతుమాధవరావు గారు ఇస్త్రీ దస్తీతో అటే వస్తున్నారు. స్వరూప ఏమాలోచించిందో తనకే తెలియదు. పిల్లను రెండు చంకల కింద పట్టి ఎత్తి, కిటికీలోంచి లోపల పెట్టేసింది.

ఈల మోగింది. బస్సు వణుకుతూ నిలబడింది.

"ఇది అక్రమం!" అన్నారు సేతుమాధవరావు గారు, దస్తీ గాలిలో పట్టుకునే. "పిల్లను వెయ్యడమేంటి? పిల్ల దస్తీ ఎలా అవుతుంది?"

జనం మూగారు. అతిథులు కలాలు ఎత్తి చూస్తున్నారు. చక్రపాణి గారు మెల్లగా నడిచొచ్చారు. నియమానికి పరీక్ష వచ్చిందని ఆయన ముఖంలో పెళ్లికళ వచ్చింది.

"కండక్టర్! ఈ శాల్తీ తలుపు ద్వారా ఎక్కినదా, కిటికీ ద్వారా వేయబడినదా?"

"కిటికీలకెల్లే సార్."

"వేయబడిన పిమ్మట సీటు ఆగినదా?"

"ఆగింది సార్. కాళ్లు చాపుకొని కూసున్నది."

చక్రపాణి గారు అతిథుల వైపు తిరిగారు. "మా ఉత్తర్వులో నిర్వచనము సుస్పష్టము. దస్తీ అనగా కిటికీ ద్వారా లోనికి వేయబడి, సీటును ఆపునది. అది నూలుదై ఉండవలెనని గానీ, చతురస్రముగా ఉండవలెనని గానీ ఎచ్చటను లేదు. కావున ఇది దస్తీయే!"

"నేను దస్తీ కాదు, మనస్విని!" అంది లోపల నుంచి దస్తీ.

"మాట్లాడరాదని కూడా లేదు" అన్నారు చక్రపాణి గారు. చప్పట్లు పడ్డాయి. బాల్‌నర్సయ్య రిబ్బన్ల మీద పూలు చూసి ఉచిత టికెట్టు కొట్టాడు. "రైట్ రైట్!"

బస్సు కదిలింది. అప్పుడు తెలిసింది స్వరూపకు తానేం చేసిందో. పిల్ల లోపలుంది. తను బయటుంది.

"అన్నా! ఆపు! నా బిడ్డ!" కిటికీ అంచు పట్టుకుని పరుగెత్తింది. "అన్నా, నన్ను గూడ ఎక్కనియ్యి!"

"తలుపుల కెల్లి వస్తే నువ్వు మనిషివైతవు చెల్లె!" బాల్‌నర్సయ్య ఫుట్‌బోర్డు మీద నుంచి అరిచాడు. ఒక్క క్షణం ఆగి, అతిథుల వైపు ఓసారి చూసి, ఇంకా గట్టిగా అరిచాడు. "మనిషివే ఎందుకైతవే?"

స్వరూపకు అర్థమైంది. "అండాలక్కా! నన్ను ఏయి!"

అండాలక్క చెంగు దోపింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేరారు. ఒకరు నడుము పట్టారు, ఒకరు కాళ్లు పట్టారు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, స్వరూప కిటికీలోంచి తల ముందుగా లోపల పడింది. గాజులు చిట్లాయి. మనస్వి పకపకా నవ్వింది. "అమ్మను గూడ ఏసిండ్రు!"

"ఒక సీట్ల రెండు దస్తీలు సార్!" అని బాల్‌నర్సయ్య బయటికి తల పెట్టి అరిచాడు.

"పిల్లను ఒళ్లో పెట్టుకున్నదా?" బస్సు పక్కన నడుస్తూ చక్రపాణి గారు అడిగారు.

"పెట్టుకున్నది సార్."

"అట్లయినచో మడతపెట్టిన దస్తీగా పరిగణించవలెను!"

ఆ మాట రోడ్డున పడ్డ జనానికి వినబడింది. తర్వాత ఏం జరిగిందో ఎవరికి వారు ఒక్కో రకంగా చెబుతారు. అండాలక్క తనను తాను వేసుకుంది. కూరగాయల గంపలు ముందు, వాటి యజమానులు వెనక వచ్చి పడ్డారు. ఆసుపత్రికి పోవాల్సిన ముసలాయనను నలుగురు పట్టి, పెళ్లి మంచమంత భద్రంగా, అడ్డంగా వేశారు. కాలేజీ పిల్లలు ఒకరినొకరు వేసుకున్నారు. సీట్ల మీది గుడ్డ దస్తీలను ఎవరూ ముట్టలేదు, వాటి మీదే కూర్చున్నారు. దస్తీ మీద దస్తీ వేయరాదని కూడా ఎక్కడా లేదు. సీట్లన్నీ కూర్చున్నవాళ్లతో నిండగానే నిలబడటానికి కూడా అనుమతి దొరికింది.

కిటికీల హడావిడి చూస్తూ నిలబడ్డ సేతుమాధవరావు గారి కళ్లు మెరిశాయి. "చిన్నప్పుడు నేనూ ఇలాగే దూరేవాణ్ణి!" అంటూ ఆయనా పరుగెత్తి తల దూర్చారు. చిన్నప్పటికి, ఇప్పటికి మధ్య పొట్ట వచ్చింది. తలా చేతులూ లోపల, కాళ్లు బయట. ఆయన భార్య కారు హారను కొడుతూ వెనకే వస్తోంది. "ఏమండీ! చెప్పులు పోతాయండీ!"

"ఈ దస్తీ సగమే పడ్డది" అన్నాడు బాల్‌నర్సయ్య. "ఆఫ్ టికెట్టు."

"గట్టిగా లాగండి బాబూ" అన్నారు సేతుమాధవరావు గారు, ఆనందంతోనో నొప్పితోనో తెలియని కన్నీళ్లతో. "ఆ రోజులే వేరు!"

స్వరూప అవేవీ చూడటం లేదు. బస్సు ఇంకా నడక వేగంలోనే ఉంది. పేర్లు పిలిచే వేళ దగ్గరపడుతోంది. "అన్నా, జర జల్ది పోనియ్యుమను! బిడ్డ బడి సీటు పోతది!"

"గాలికి దస్తీలు ఎగుర్తయని ఆర్డరున్నది చెల్లె."

"మేం ఎగురుతమా అన్నా? జర మమ్ముల చూడు!"

బాల్‌నర్సయ్య బస్సు నిండా చూశాడు. గంపల మీద గంపలు, భుజాల మీద భుజాలు, అండాలక్క ఒక్కతే రెండు సీట్లు. పక్కనే రొప్పుతూ వస్తున్న చక్రపాణి గారికి మనవి చేశాడు. "సార్! ఇయ్యాల దస్తీలు బరువున్నయి. ఎగరవు."

"బరువు దృష్ట్యా..." చక్రపాణి గారికి ఊపిరి అందలేదు. "వేగపరిమితి... సడలించడమైనది!"

డ్రైవరు చాలా రోజుల తర్వాత గేరు మార్చాడు. బస్సు కేక వేసింది. గుట్ట దిగువన ఎర్రధూళి లేచింది. ఆ ధూళిలో చక్రపాణి గారు, షామియానా, అతిథులు కనబడకుండా పోయారు. బస్సులో ఎవరో ఈల వేశారు. అందరూ వేశారు. మనస్వికి ఈల రాదు, కనుక ఆమె అందరికంటే గట్టిగా అరిచింది. మామూలుగా అయితే స్వరూప పిల్ల చేతులు కిటికీ లోపలికి లాగి, పడతావనేది, గొంతు పోతుందనేది. ఇప్పుడు ఆమె కూడా అరుస్తోంది.

పెద్దబజారులో తలుపు వాడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందరూ కిటికీల్లోంచే దిగారు.

తల్లీకూతుళ్లు బడి గేటు దాటేసరికి మైకులో పేర్లు నడుస్తున్నాయి. వరండాలో బల్ల వెనక ఒక మేడమ్ తల వంచుకుని రాసుకుంటోంది.

"మనస్వి! మల్లన్నగుట్ట! మనస్వి ఉందా? లేకపోతే వెనక పేరు పిలుస్తా."

"ఉన్నది మేడమ్! వచ్చినం!" స్వరూప చెయ్యెత్తి పరుగెత్తింది. జుట్టు రేగి, భుజాన మరెవరిదో కొత్తిమీర కట్ట వేలాడుతోంది.

మేడమ్ తల ఎత్తి ఇద్దరినీ చూసింది. ఎర్రధూళిలో పిల్ల కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. "సీటు ఇస్తున్నామమ్మా, కంగారు పడకు. దేంట్లొచ్చారు మీరు?"

"బస్సుల" అంది మనస్వి గర్వంగా. "నేను చిన్న దస్తీ, మా అమ్మ పెద్ద దస్తీ."

మేడమ్ ఒక క్షణం ఆలోచించి, అది రాసుకోవాల్సిన సంగతి కాదని నిర్ణయించుకుంది. "సరే. ఫొటో తియ్యాలి. పాప ముఖం తుడువు. తర్వాత ఆ బెంచీ మీద కూర్చో, ఫొటోకూ సంతకానికీ పిలుస్తా."

స్వరూప బెంచీ వైపు తిరిగింది. తల్లిదండ్రులతో బెంచీ నిండిపోయి ఉంది. చివర ఒక్క చోటు ఖాళీ. ఆ చోటు మీద తెల్లటి దస్తీ ఒకటి, నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మనిషి ఎక్కడా లేడు. పక్కన కూర్చున్న ఆమె మర్యాదగా, "ఎవరో ఆపుకున్నరమ్మా" అంది.

స్వరూప దస్తీని చూసింది. చుట్టూ చూసింది. ఈల ఎక్కడి నుంచీ రాలేదు.

ఆమె ఆ దస్తీని తీసుకుంది. మడతలు విప్పింది. మనస్వి నుదురు, బుగ్గలు, చెవుల వెనక తుడిచి, చివరికి ముక్కు గట్టిగా పట్టుకుని, "చీదు" అంది. పిల్ల చీదింది. స్వరూప దస్తీని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, పక్కనామె చేతిలో పెట్టి, ఆ చోటులో కూర్చుంది.